ఎవరి లెక్కలో రెండో రోజు?

2022 ఎండాకాలం మాట. హిందూపురంలో మా ఫెర్టిలిటీ సెంటర్ తెరిచి అప్పటికి ఏడాది దాటింది. బెంగళూరులో పెద్ద ఆస్పత్రి నడిపే సంస్థ ఒకటి ఇక్కడ చిన్న శాఖ పెట్టింది. కింద మెడికల్ షాపు, బట్టల షాపు, పై అంతస్తులో మేము. మేమంటే ఎంతో మందిమి కాదు. డాక్టర్ కల్పన మేడం, ల్యాబ్ చూసుకునే ఒకాయన, రిసెప్షన్‌లో ప్రత్యూష, నేను. నాది పెనుకొండ. రోజూ పొద్దున్నే బస్సెక్కి వచ్చి, సాయంత్రం తిరిగి వెళతాను. అంతకు ముందు చాలా ఏళ్లు కాన్పుల వార్డులో స్టాఫ్ నర్సుగా చేశాను. ఇక్కడ చేరాక నా కోటు మీద కోఆర్డినేటర్ అని రాశారు. అంటే ఏం పని అని మా అమ్మ అడిగింది. డాక్టరు చెప్పింది పేషెంటుకు అర్థమయ్యేలా చెప్పడం, పేషెంటు నోరు విప్పి చెప్పలేనిది డాక్టరుకు చేరవేయడం అన్నాను. పెండ్లి సంబంధాలు కుదిర్చేవాళ్లు చేసేది కూడా అదే కదా అని తేల్చేసింది మా అమ్మ.

మా దగ్గరికి వచ్చే ప్రతి జంటా కుర్చీలో సర్దుకుని కూర్చోగానే ఒకటే అడుగుతారు, మీ దగ్గర సక్సెస్ రేట్ ఎంత అని. వందమందికి చికిత్స చేస్తే ఎంతమందికి ఫలించిందన్న లెక్క అది. వినడానికి తేలికగానే ఉంటుంది. కానీ ఫలించడం అంటే ఏమిటన్నది ఒక్కో చోట ఒక్కో రకం. రక్తపరీక్ష పాజిటివ్ వస్తే చాలు, ఫలించిందని రాసుకునేవాళ్లున్నారు. స్కానింగ్‌లో గుండె చప్పుడు వినబడితేనే రాసేవాళ్లున్నారు. బిడ్డ తల్లి ఒళ్లోకి వచ్చాక గానీ రాయని వాళ్లూ ఉన్నారు. పైగా వయసు తక్కువున్నవాళ్లను, చిక్కులు లేనివాళ్లను ఏరుకుని తీసుకుంటే ఎవరి రేటైనా బ్రహ్మాండంగానే ఉంటుంది. అందుకే ఆ ప్రశ్న వింటే నాకు కాస్త చిరాకు. నెలకోసారి హెడ్డాఫీసు నుంచి వచ్చే మేనేజరుకు మాత్రం అదే ప్రాణం. రిసెప్షన్ గోడకు మా రేటు పెద్ద పెద్ద అంకెల్లో బోర్డు కట్టించాలని ఆయన పట్టు. మేడం ఏదో ఒక సాకు చెప్పి నెట్టుకొస్తున్నారు.

ఆ రోజుల్లో వచ్చిన జంట రామాంజి, శోభ. పేర్లు మార్చి చెబుతున్నాను. పరిగి దాటి లోపలికి పోతే వచ్చే పల్లె వాళ్లది. తాతల నాటి నుంచి భూమి ఉన్న కుటుంబం. మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు, ఇంటికి పెద్దగా రామాంజి తల్లి సంజీవమ్మ. శోభ పుట్టింది ధర్మవరంలో. నాయనకు చీరల అంగడి. పెళ్లయి తొమ్మిదేళ్లు. మొదట్లో శోభకు థైరాయిడ్ ఉండి నెలసరి ఇష్టం వచ్చినట్టు వచ్చేది. మాత్రలతో అది దారికొచ్చి చాలా కాలమైంది. మిగతా పరీక్షలన్నీ, ఇద్దరివీ, బాగున్నాయి. ఇలాంటివాళ్లకు మా వృత్తిలో ఒక పేరుంది, అన్‌ఎక్స్‌ప్లెయిన్డ్ ఇన్‌ఫెర్టిలిటీ. కారణం మాకూ తెలియదని గౌరవంగా చెప్పుకోవడం అన్నమాట.

రామాంజి కూడా రేటు అడిగాడు, కానీ తన పద్ధతిలో. "మీ ఈడ వంద గుడ్లకు ఎన్ని కిలోలు వస్తాయి మేడం?"

మేడంది గుంటూరు. ఆమె నా వైపు చూశారు. మా నాయన కూడా పురుగులు మేపినవాడే కాబట్టి నేను విప్పి చెప్పాను. పట్టు రైతులు పురుగు గుడ్లను వందల లెక్కన తెచ్చి పెంచుతారు, చివరికి ఎన్ని కిలోల గూళ్లు దిగుబడి వచ్చిందన్నదే వాళ్ల రేటు. మేడం నవ్వి, ఫలించడం అన్న మాటకు ఎన్ని అర్థాలున్నాయో ఓపిగ్గా చెప్పారు. అంతా విని రామాంజి, మీరు లెక్క రాసుకునేది గూడు కట్టినాకనా, మార్కెట్లో అమ్మినాకనా అని అడిగాడు. అమ్మినాకే, బిడ్డ చేతికొచ్చినాకే అన్నారు మేడం. ఆ మాటతో అతనికి మా మీద గురి కుదిరింది. ఆ రోజు తర్వాత రేటు గురించి మళ్లీ ఎత్తలేదు.

చికిత్స పెద్దదేం కాదు. నెలసరి వచ్చిన రెండో రోజు రావాలి. స్కాన్ చేసి, గుడ్డు బాగా ఎదగడానికి కొద్ది రోజులు మాత్రలిస్తాం. ఆ తర్వాత గుడ్డు ఎంత ఎదిగిందో స్కానింగ్‌లో చూస్తూ పోవడాన్ని ఫాలిక్యులర్ స్టడీ అంటాం. తగినంత ఎదిగాక, అది విడుదలయ్యేందుకు ఇంజెక్షన్ వేసి, సరిగ్గా ఆ సమయానికి భర్త వీర్యాన్ని శుద్ధి చేసి గర్భాశయంలోకి పంపుతాం. దానిపేరు ఐయూఐ. మొత్తం సమయం మీద నడిచే పని. గుడ్డు విడుదలైపోయాక మనం ఎంత చేసినా, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

శోభ విషయంలో జరిగింది సరిగ్గా అదే. మొదటి నెల రెండో రోజున వచ్చింది, మాత్రలు తీసుకుంది, చెప్పిన రోజుకు స్కానింగ్‌కు వచ్చింది. చూస్తే గుడ్డు అప్పటికే విడుదలైపోయింది. ఈమెకు గుడ్డు తొందరగా ఎదిగే తత్వం ఉన్నట్టుందని మేడం అనుకున్నారు. రెండో నెల ఒకరోజు ముందే రమ్మన్నారు. అప్పటికీ దాటిపోయింది. రెండు నెలలూ ఐయూఐ దాకా వెళ్లనే లేదు. రెండో రోజు చేసే స్కానింగ్‌లోనే గుడ్డు ఉండాల్సినదాని కంటే పెద్దగా కనబడుతోందని మేడం తల పట్టుకున్నారు. శోభను ఎన్నో రోజు అని అడిగితే, రెండో రోజు మేడం అని తడుముకోకుండా చెప్పేది. ఆ మాట అనుమానించడానికి మాకు కారణమేం కనబడలేదు.

ఆ నెల వచ్చిన మేనేజరు ఈ కేసు విని, ఆలస్యం చేయకుండా ఐవీఎఫ్‌కు పంపేయమన్నాడు. శరీరం బయట, ల్యాబ్‌లో పిండాన్ని తయారుచేసే పెద్ద చికిత్స అది. దానికి బెంగళూరు పోవాలి. ఐయూఐలు ఇలా వరసగా తప్పిపోతుంటే మన రేటు పడిపోతుందని కూడా అన్నాడు. మేడానికి కోపం వచ్చింది గానీ, ఆమె దగ్గర కూడా వేరే జవాబు లేదు. ఇంకొక్క నెల చూద్దాం అన్నారు.

ఆ సంగతి చెప్పడానికి శోభను పక్క గదిలో కూర్చోబెట్టాను. టీ తెప్పించాను. ఆమె బెంగళూరుకు రాను అంది. ఈడ కూడా ఈ నెల ఒక్కటే అంది.

"ఎందుకమ్మా అంత మాట?"

"మా ఇంట్లో నెల నెలా బయట కూర్చోవల్ల సిస్టర్. షెడ్డులో పురుగులుంటాయి కదా, ఆ వైపుకే పోకూడదు. నేను పక్క రూములో చాప ఏసుకుంటానే, ఈ నెల కూడా కాలేదని వీధి వీధికంతా తెలిసిపోతాది. తొమ్మిదేండ్లాయె. మీరు ఆస్పత్రికి బోర్డు కడతారంట, నా కడుపుకు నెలనెలా బోర్డు కడతాండారు. ఇంక నా చేత కాదు. ఈ నెల కాకపోతే నేను రాను, మా ఆయనకు ఇప్పుడే చెప్పొద్దండి."

నాకు ఏడుపు ఆగలేదు. నర్సు పేషెంటు ముందు ఏడవకూడదని ట్రైనింగ్‌లో చెబుతారు, చెప్పినవాళ్లు ఎంతవరకు పాటించారో నాకు తెలియదు. ముట్టు వచ్చిన మూడు రోజులు ఇంట్లో దేన్నీ తాకకుండా విడిగా ఉండటాన్నే మా వైపు బయట ఉండటం అంటాం. చిన్నప్పుడు నేనూ కూర్చున్నాను. నాకా ఆచారం గిట్టదు. పట్టుపురుగులకు రోగం వస్తుందన్న భయంతో పురుగులు మేపే ఇళ్లలో అది ఇంకా గట్టిగా పాటిస్తారు.

మామూలుగా నెలసరి వచ్చాక పేషెంటే ఫోన్ చేసి వస్తుంది. శోభ ఇక రాదేమోనన్న భయంతో, ఆ నెల సమయం దగ్గరపడగానే నేనే ఫోన్ చేసి కనుక్కోమని ప్రత్యూషకు చెప్పాను. మా దగ్గర వాళ్లిచ్చిన నంబరు సంజీవమ్మది. ప్రత్యూష విజయవాడ అమ్మాయి, వచ్చి నెల కూడా కాలేదు. ఫోన్ చేసి నా దగ్గరికి జాలి ముఖంతో వచ్చింది.

"శోభగారు బయటికి వెళ్లారట సిస్టర్. వాళ్లత్తగారు చెప్పారు. మూడు రోజులకు గానీ రారట. ఇంకా నీళ్లోసుకోలేదని కూడా అన్నారు, పాపం. అది మనకు తెలిసిందేగా."

నాకు నవ్వు పొంగుకొచ్చింది. వాళ్ల వైపు నీళ్లోసుకోవడం అంటే కడుపు పండటం. మా వైపు నీళ్లు పోసుకోవడం అంటే ఒట్టి స్నానం. బయట సంగతి సరేసరి. ఆ పిల్లకు రెండు మాటలూ విడమరిచి చెబుతూ చెబుతూ సగంలో ఆగిపోయాను. శోభ బయట కూర్చుని ఉంది. అంటే నెలసరి వచ్చేసింది. మరి మాకు చెప్పలేదేం? మానుకుందా? నేనే మళ్లీ ఫోన్ కలిపాను.

"పెద్దమ్మా, శోభ ఎప్పట్నుంచి బయట ఉండాది?"

"నిన్నటి నుంచి మా."

"అయితే ఈ పొద్దు రెండో రోజు కదా. తీసుకురాలేదేం?"

"రెండో రోజు యాడిది మా? ఇంకా నీళ్లే పోసుకోలేదు ఆయమ్మి. ఎల్లుండి నీళ్లు పోసుకుంటాది, అది ఒకటో రోజు. దాని మర్సటి దినం రెండో రోజు. ఆ పొద్దు తీసుకొస్తా. పోయిన రెండు నెల్లూ నేనే లెక్కపెట్టి తోలినా, ఒక దినం కూడా తప్పలే."

"మరి ఈ మూడు రోజులు?"

"మైల దినాలు లెక్కలోకి వస్తాయా యాడన్నా?"

వేళ్ల మీద లెక్కపెట్టి చూశాను. మా రెండో రోజు వాళ్లింట్లో ఐదో రోజున వస్తోంది. మేము గుడ్డు ఇంకా చిన్నగా ఉంటుందనుకుని చూసే వేళకు అది సగం దారి నడిచేసి ఉంది. శోభకు నెలసరి మామూలుగానే నెల నిండకముందే వస్తుంది. ఇక దొరికేదెలా? గుడ్డుకు ఏ తొందరా లేదు, దానికి ఏ తత్వమూ లేదు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మేము స్కానింగ్‌లో, రక్తపరీక్షల్లో వెతుకుతున్నాం.

ఇప్పుడు ఆమెను మర్నాడే, మూడో రోజైనా దాటకముందే, రప్పించాలి. అంటే మైల దినాల్లో, ఇల్లు దాటించి, బస్సెక్కించి. ఈ ఆచారాల గురించి నా దగ్గర పెద్ద ఉపన్యాసమే ఉంది, నాలుక చివరనే ఉంటుంది. అది గనక ఎత్తుకుని ఉంటే సంజీవమ్మ ఫోన్ పెట్టేసేది, శోభకు ఈ నెల పోయేది, మళ్లీ వచ్చేది కాదు. ఉపన్యాసం మింగేసి, షెడ్డులో పురుగులు ఎన్నో జ్వరంలో ఉన్నాయని అడిగాను. పురుగు పొర విడిచే ముందు ఆకు ముట్టకుండా, తల ఎత్తుకుని, ఒక రోజు కదలకుండా ఉంటుంది. రైతులు దాన్ని జ్వరం అంటారు. మూడో జ్వరం అంది సంజీవమ్మ, ఇప్పుడు ఈ మాటెందుకని ఆశ్చర్యపోతూ.

"జ్వరంలో ఉండే దినం మీరు లెక్కలోకి తీసుకుంటారా, వదిలేస్తారా పెద్దమ్మా?"

"వదిలేస్తే ఎట్లమ్మా? ఆకు తినకపోయినా పురుగు లోపల పెరుగుతానే ఉంటాది కదా. ఆ దినాలు వదిలేస్తే గూడు కట్టే పొద్దు తెలీదు. చంద్రికలు లేటయిపోతాయి, పంట పోతాది."

చంద్రికలంటే పురుగు గూడు కట్టుకోవడానికి పెట్టే తడికెలు. అవి సమయానికి అందకపోతే పురుగు పట్టంతా ఎక్కడో ఒకచోట కక్కేసి వృథా చేస్తుంది.

"ఈ గుడ్డు కూడా అంతే పెద్దమ్మా. శోభ బయట కూర్చునే మూడు దినాలూ అది లోపల పెరుగుతానే ఉంటాది."

అవతల కోడి అరుపు వినబడింది.

"అంటే ఇన్ని నెల్లూ మేము చంద్రికలు లేటుగా పెట్టినామా సిస్టరమ్మా?"

తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ మొక్కులు మొక్కింది ఆమే. ఒక్క దినం తప్పకుండా లెక్కపెట్టింది కూడా మనవడి కోసమో మనవరాలి కోసమో కదా. తప్పు మీది కాదు పెద్దమ్మా, ఏ లెక్కన రెండో రోజో మేమూ విడమరిచి చెప్పలేదు అన్నాను. ఆమె రేపు తీసుకొస్తానంది. రామాంజి బండి మీద కుదరదట, వాడు షెడ్డులోకి పోయేవాడు కాబట్టి ఆయమ్మిని ఎక్కించుకోడు, బస్సులో వస్తాం అంది.

వచ్చారు. అత్త ముందు సీట్లో, కోడలు వెనక సీట్లో కూర్చుని వచ్చారట. మా రిసెప్షన్‌లో కూడా సంజీవమ్మ కోడలికి రెండు కుర్చీల ఎడంగా కూర్చుంది. స్కానింగ్ అయ్యాక మేడం శోభ భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చారు. అది చూసి సంజీవమ్మ ఉలిక్కిపడి, ఆయమ్మిని ముట్టుకున్నారే, మీరు మళ్లీ తలకు నీళ్లు పోసుకోవల్ల కదా అని అడిగింది. డ్యూటీ దిగి ఇంటికి పోయాక రోజూ పోసుకుంటాను పెద్దమ్మా అన్నారు మేడం. సంజీవమ్మ అట్లయితే సరే అంది. ఆ రోజు స్కానింగ్‌లో గుడ్లు మూడో రోజుకు ఎంత ఉండాలో అంతే ఉన్నాయి. మేడం నాకు తెర మీద చూపించి, పసిపిల్లలా సంబరపడ్డారు.

శోభను తర్వాత పక్కకు పిలిచి, నీకు ఈ లెక్క ఎప్పుడూ అనుమానం రాలేదా అని అడిగాను. ధర్మవరంలో వాళ్ల అమ్మ వాళ్లింట్లో ఇంత పట్టింపు లేదు కదా మరి. శోభ నవ్వి, మీరు రెండో రోజు అన్నారు, మా ఇంట్లో అదే రెండో రోజు సిస్టర్ అంది. మెల్లగా ఇంకో సంగతీ బయటపడింది. ఏళ్ల కిందట ఇంకో ఊళ్లో ఎవరో డాక్టరు, నెలలో ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు భార్యాభర్తలు కలవాలని చెప్పారట. వీళ్లు మందు చీటీని పాటించినంత నిష్ఠగా ఆ రోజులే పాటించారు. నీళ్లు పోసుకున్న నాటి నుంచి లెక్కపెట్టి. మిగతా రోజుల్లో రామాంజి పడక షెడ్డులోనే, పురుగుల దగ్గర. ఈ సంగతి నేను మేడానికి చెప్పాను. ఈ ఒక్క కారణంతోనే ఇన్నేళ్లు పోయాయని తాను చెప్పలేనని, కానీ ఇది చిన్న కారణం మాత్రం కాదని ఆ తర్వాత శోభకు చెప్పారు.

ఆ నెల గుడ్డు సరైన సమయానికి దొరికింది. ఇంజెక్షన్ వేశాం, ఐయూఐ చేశాం. ఆ తర్వాత రెండు వారాలు ఎదురుచూపు. మా వృత్తిలో పేషెంటు కంటే నర్సు ఎక్కువ క్యాలెండరు చూసే కాలం అది. నాకు మనసులో ఏ అనుమానమూ లేదు. తాళం చెవి దొరికాక తలుపు తెరుచుకోకుండా ఉంటుందా అనుకున్నాను.

తెరుచుకోలేదు. శోభ మళ్లీ బయట కూర్చుంది.

ఆ కబురు ప్రత్యూష ఫోన్‌లో కనుక్కుని చెప్పింది. ఈ నెల కాకపోతే రాను అన్న ఆమె మాటే చెవుల్లో ఉంది. మర్నాడు నేనే ఫోన్ చేసి మాట్లాడటానికి ధైర్యం చాలక, రేపు చేద్దాం అనుకుంటూ పని చేసుకుంటున్నాను. తల ఎత్తి చూస్తే శోభ ఎదురుగా నిలబడి ఉంది. ఒక్కతే వచ్చింది.

"నిన్న పొద్దున వచ్చింది సిస్టర్. ఈ పొద్దు రెండో రోజు."

రానంటివే అన్నాను. నోరు జారాను గానీ ఆమె ఏమీ అనుకోలేదు.

"ఇంతకు ముందు పోయినవన్నీ ఆకే పెట్టకుండా పోయిన పంటలు సిస్టర్. ఇది ఆకు పెట్టినాక పోయిన పంట. పురుగులు మేపేవాళ్లు ఒక పంట పోయిందని షెడ్డు పీకేస్తారా?"

మరి అత్తగారు ఒంటరిగా ఎలా పంపారని అడిగాను. ఆమే బస్సు దాకా వచ్చి ఎక్కించి, డ్రైవరు వెనక సీటు చూసి కూర్చోబెట్టి పోయిందట. నాకు ఆ రోజే సగం గెలిచినట్టనిపించింది. ఆ మాట మేనేజరుతో అంటే, ఈ సగం ఏ కాలమ్‌లో రాయాలి సిస్టర్ అని అడిగేవాడు.

ఆ నెలది పాజిటివ్ వచ్చింది. శోభ రిపోర్టు చదివి, మడిచి కొంగున ముడేసుకుంది. రామాంజి గోడకు ఆనుకుని నిలబడి, తలకు చుట్టుకున్న టవల్ తీసి ముఖం తుడుచుకుంటూనే ఉన్నాడు. అప్పుడు ప్రత్యూష సంజీవమ్మ దగ్గరికి వెళ్లి, మా వైపు భాషలో చెప్పాలంటే మీ కోడలు నీళ్లోసుకుంది అని చెప్పింది. సంజీవమ్మకు అర్థం కాలేదు. నీళ్లు పోసుకోకుండా ఆస్పత్రికి ఎట్లొస్తాది, పొద్దున్నే పోసుకునే వచ్చిందే అని కోడలి తరఫున గట్టిగా సమాధానం చెప్పింది. విడమరిచి చెప్పాక ఆమె నవ్విన నవ్వుకు కింద బట్టల షాపువాళ్లు కూడా పైకి చూసుంటారు. నెలలు నిండాక శోభ ధర్మవరంలో ఆడపిల్లను కన్నది. తల్లీ బిడ్డా ఇంటికి చేరారని ఫోన్ వచ్చిన రోజున, మేడం శోభ పేరును ఫలించిన లెక్కలో రాశారు, అంతకు ఒక్కరోజు ముందు కూడా రాయలేదు.

ఆ తర్వాత మా సెంటర్లో అడిగే ప్రశ్న మారింది. ఎన్నో రోజు అని ఇప్పుడు ఎవరినీ అడగం. మొదట ఎర్రగా కనబడింది ఏ వారం, పొద్దుననా సాయంత్రమా అని అడుగుతాం. సోమవారం అంటే ఎవరింట్లోనైనా సోమవారమే, దానికి మైల లేదు. అలా అడగడం మొదలుపెట్టాక, గోరంట్ల వైపు నుంచి, మడకశిర వైపు నుంచి వచ్చేవాళ్లలో ఇదే లెక్క పాటించేవాళ్లు ఇంకొందరు బయటపడ్డారు. అన్నీ శోభ కథలాగే ముగియలేదు. కొందరికి ఈ సర్దుబాటుతో పని కాలేదు, పెద్ద చికిత్సకే వెళ్లాల్సి వచ్చింది. కానీ వాళ్ల నెలలు వృథాగా పోవడం మాత్రం ఆగింది.

బోర్డు సంగతి చెప్పలేదు కదా. చివరికి పెట్టించనే పెట్టించాడు మేనేజరు. దాని కిందే నా కుర్చీ. నాకిప్పుడు ఆ అంకె మీద కోపం లేదు. మా చేతుల మీద ఇంతవరకు ఏం జరిగిందో అది చెబుతుంది, అది తెలుసుకునే హక్కు వచ్చేవాళ్లకు ఉంది. కానీ తలుపు తోసుకుని లోపలికి వచ్చిన మనిషి ఏ ఇంటి నుంచి వచ్చింది, ఆ ఇంట్లో రోజులు ఎవరు లెక్కపెడతారు, ఏ మాటకు ఏ అర్థం ఉంది అన్నది ఆమెను కూర్చోబెట్టి అడిగితే తప్ప తెలియదు. శోభ కేసు నాకు నేర్పింది ఇదే. మేము చెప్పిన మాట వాళ్ల చెవిలో ఏ మాటగా చేరిందో కనుక్కునేదాకా నా పని పూర్తయినట్టు కాదు.

పోయిన శ్రావణంలో ఒకరోజు సంజీవమ్మ మా మెట్లెక్కి వచ్చింది. వెంట వాళ్ల పక్కింటి కోడలు, పెళ్లయి నాలుగేళ్లయినా ఇంకా పిల్లల్లేని అమ్మాయి. ఇద్దరూ బస్సులో ఒకే సీట్లో కూర్చుని వచ్చారని ఆ అమ్మాయి సిగ్గుపడుతూ చెప్పింది. ఆ పిల్ల అత్త ఒప్పుకోకపోతే సంజీవమ్మే వాళ్ల గుమ్మంలో కూర్చుని పోట్లాడిందట, పురుగుల జ్వరం సంగతి ఎత్తి. ఇక్కడ కూడా ఆ అమ్మాయి పక్క కుర్చీలోనే, భుజానికి భుజం ఆనించి కూర్చుంది.

"ఏ వారం కనబడిందమ్మా?" అని అడగబోయాను. సంజీవమ్మ నన్ను పూర్తి చేయనివ్వలేదు.

"బుధవారం మా. ఈ పొద్దు బేస్తవారం. ఇది అసలు రెండో రోజు."

నేను లేచి మేడం గదిలోకి వెళ్లాను. కొత్త పేషెంటు వచ్చింది మేడం, రెండో రోజు, సంజీవమ్మ గ్యారంటీ అని చెప్పాను.